కార్పొరేటర్ల జీతం ఎన్నికలకు ముందే తేల్చండి: తెలంగాణ ప్రభుత్వానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, పురపాలక పరిపాలన శాఖ ఉన్నతాధికారులకు నమస్కరించి రాస్తున్న లేఖ.

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడిని. హైదరాబాద్ వాసిని. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. నగరానికి రాబోయే కౌన్సిల్ కోసం జనం ఓటు వేయకముందే, అందులో కూర్చోబోయే కార్పొరేటర్లకు నెలకు ఎంత ఇవ్వాలో ఒక స్వతంత్ర సంఘం చేత తేల్పించండి. ఆ సంఘం ఏ లెక్క వేసిందో మా అందరికీ చూపించండి. 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) కౌన్సిల్ ఐదేళ్ల గడువు ముగిసింది. గెలవబోయేది ఎవరో ఇంకా ఎవరికీ తెలియదు కాబట్టి, ఇప్పుడు తీసుకునే నిర్ణయాన్ని ఫలానా వారి కోసం చేశారని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇలాంటి అదను ఐదేళ్లకు ఒకసారి వస్తుంది.

ఈ లేఖ రాయడానికి కారణం ఒక నోటుపుస్తకం.

నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకరు మహిళలకు కేటాయించిన వార్డు నుంచి కార్పొరేటర్‌గా గెలిచింది. పేరు, వార్డు, పార్టీ చెప్పను. నోటుపుస్తకం సంగతి రాయడానికి మాత్రమే ఆమె ఒప్పుకుంది. గెలవకముందు ఇంట్లో జాకెట్లు కుట్టేది. భర్త టైల్స్ దుకాణంలో పనిచేస్తాడు. ఎన్నికల ఖర్చుల లెక్క అధికారులకు అప్పగించాల్సి వచ్చినప్పుడు మొదటిసారి నా దగ్గరకు వచ్చింది. రెండో ఏడాది ఒక సాయంత్రం మళ్లీ వచ్చి, రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం నా ముందు పెట్టి, "సార్, ఎక్కడ తప్పు చేస్తున్నానో చూసి చెప్పండి" అంది.

ఎడమ పేజీలో జమ, కుడి పేజీలో ఖర్చు. నేను నేర్పిన పద్ధతే. వినాయక చవితి వచ్చిన నెల పేజీ తెరిచాను. కుడివైపు ఇలా ఉంది. స్కూటరు పెట్రోలు 3,400. రెండు పెళ్లిళ్లకు చదివింపులు, ఒక్కోటి 1,116 చొప్పున 2,232. ఒక ఇంట్లో పెద్దాయన పోతే మట్టి ఖర్చులకు 5,000. పదకొండు గణేశ్ మండపాలకు చందా, ఇదీ 1,116 చొప్పున, మొత్తం 12,276. నాలా పూడిక తీసిన కూలీలకు టీ, టిఫిన్లు 640. వాన పడిన రాత్రి సెల్లారులో నీళ్లు తోడటానికి మోటారు అద్దె 1,500. ఫోన్ రీఛార్జి 299. బస్తీ సమావేశానికి కుర్చీల అద్దె 450. కూడితే 25,797 రూపాయలు.

ఎడమవైపు రెండే వరుసలు. గౌరవ వేతనం 7,800. దాని కింద "కమ్మలు" అని రాసి, ఎదురుగా 18,000.

నిల్వ 3 రూపాయలు.

ఆ మూడు రూపాయల కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి ఉన్నాయి. కూడికలో తప్పేమీ లేదు. నలభై మంది పిల్లల పుస్తకాలు దిద్దినంత సేపు ఆ ఒక్క పేజీ ముందే కూర్చున్నాను.

"చందాలు ఎందుకు ఇచ్చావమ్మా" అని అడిగాను. "ఇవ్వకపోతే వార్డులో తల ఎత్తుకుని తిరగలేను సార్. ఓడిపోయిన అభ్యర్థి కూడా ఇస్తున్నాడు" అంది. ఆ తరువాత ఆమె చెప్పిన మాట కోసమే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను. పండుగకు ముందు ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చి, "మండపాల సంగతి నేను చూసుకుంటానమ్మా, మీరు ఇబ్బంది పడకండి" అన్నాడట. భవనాలు కట్టించే మనిషి. "ఆయన నన్ను ఏమీ అడగలేదు సార్. అడగలేదనే భయం వేసింది" అంది.

ఆమె వద్దంది. కమ్మలు తాకట్టు పెట్టింది. వద్దనలేని వారి మీద నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. నగర శివార్లలో మా తమ్ముడు ఇల్లు కట్టుకుంటూ శ్లాబు పోసే రోజున, నాయకుడి మనిషినంటూ ఒకడు వచ్చి వాటా అడిగి తీసుకుపోయాడు. ఆ డబ్బు కోసం మా తమ్ముడి భార్య ఎవరిని బతిమాలిందో నాకు తెలుసు. కానీ ఆ కోపంతో పాటు నన్ను తొలిచే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇల్లు గడవని జీతం ఇచ్చి, ఇంటింటికీ తిరగాల్సిన పని చెప్పి, మండపానికి ఇంత, మైకుసెట్టుకు ఇంత అని జనం చేత అడిగించి, ఆపైన నిజాయితీగా ఉండమని ఒక మనిషికి చెప్పే అధికారం మనకు ఎక్కడిది?

ఇప్పుడు మీ లెక్కల్లోకి వస్తాను. 2021లో రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థల ప్రతినిధుల గౌరవ వేతనం 30 శాతం పెంచింది. జీహెచ్‌ఎంసీ మేయర్‌కు 50,000 నుంచి 65,000, డిప్యూటీ మేయర్‌కు 25,000 నుంచి 32,500, కార్పొరేటర్‌కు 6,000 నుంచి 7,800 అయింది. ఆ ఏడాదే ఉద్యోగులకు వేతన సవరణ అమలైంది. అందులో పూర్తికాలం పనిచేసే అతి చిన్న ఉద్యోగికి కనీస మూలవేతనం 19,000 రూపాయలు. దాన్ని తేల్చడానికి ఒక సంఘం కూర్చుంది, ఉద్యోగ సంఘాల వాదన వింది, ధరలు చూసింది, కుటుంబానికి ఏ మేరకు ఖర్చవుతుందో లెక్కగట్టి నివేదిక రాసింది. కార్పొరేటర్ విషయంలో పాత అంకెకు 30 శాతం కలిపారు, అంతే. ఆ పాత 6,000 ఎలా వచ్చిందో ఏ నివేదికా మాకు చెప్పలేదు. పునాది లేని గోడ మీద ఇంకో వరుస ఇటుకలు పేర్చినట్లు ఉంది.

2020 నవంబరులో, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, నగరంలో రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల జీతం 14,500 నుంచి 17,500 చేశారు. అది సరైన పని, ఇంకా పెంచాల్సిన జీతం. అయితే ఆ కార్మికురాలే రిజర్వుడు వార్డులో నిలబడి గెలిచి ఉంటే ఆమె రాబడి సగానికన్నా తక్కువకు పడిపోయేది. గెలుపు మీద ఇంత జరిమానా వేసి, పేదవారు రాజకీయాల్లోకి రావాలని సభల్లో చెప్పడం న్యాయమా?

ఇంకో లెక్క చూడండి. నెలకు 7,800 చొప్పున అరవై నెలలకు 4,68,000 రూపాయలు. 2020 ఎన్నికల్లో కార్పొరేటర్ అభ్యర్థి చట్టబద్ధంగా ఖర్చు పెట్టుకోదగిన గరిష్ఠ మొత్తం 5 లక్షలు. ఐదేళ్ల జీతమంతా పైసా తాకకుండా దాచినా, చట్టం అనుమతించిన ప్రచార ఖర్చుకు 32,000 తక్కువ. అసలు ఖర్చు ఎంతో మీకూ తెలుసు, మాకూ తెలుసు. నా తరగతిలో ఈ లెక్క ఇస్తే ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి, "మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది సార్?" అని అడుగుతాడు.

అదే నగరం నుంచి ఎన్నికైన శాసనసభ్యుడికి 2016 నుంచి జీతభత్యాలు కలిపి నెలకు రెండున్నర లక్షలు. పార్లమెంటు సభ్యుల జీతాన్ని 2018లో ధరల సూచీకి ముడిపెట్టారు. దాని ప్రకారం 2025 మార్చిలో లక్ష నుంచి 1,24,000 చేశారు. ఈ తేడా ఎందుకు వచ్చిందో వెతికితే సమాధానం రాజ్యాంగంలో దొరుకుతుంది. ఎంపీల జీతం పార్లమెంటు నిర్ణయించుకుంటుందని 106వ అధికరణం చెబుతుంది. శాసనసభ్యుల జీతం శాసనసభ నిర్ణయించుకుంటుందని 195వ అధికరణం చెబుతుంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలికలకు ఎన్నికలిచ్చింది, రిజర్వేషన్లిచ్చింది, ఐదేళ్ల గడువిచ్చింది, రాష్ట్ర ఆర్థిక సంఘాన్నిచ్చింది. గెలిచిన మనిషి ఏం తిని బతకాలో మాత్రం రాష్ట్రాల దయకు వదిలేసింది. పైనున్న రెండు సభలూ తమ జీతం తామే రాసుకుంటాయి. కిందనున్న సభ మీరిచ్చే జీవో కోసం ఎదురుచూస్తుంది. జీతం కోసం ఎదురుచూసే సభ మీతో గట్టిగా మాట్లాడలేదన్నది కూడా ఆలోచించండి.

"గౌరవ వేతనం" అనే మాటే నాకు నచ్చదు. నిధులు, అధికారాలు లేని రోజుల్లో, ఊళ్లోని వకీళ్లు, వ్యాపారులు, భూస్వాములు తీరిక వేళల్లో పురపాలక సంఘానికి వెళ్లి కూర్చునే కాలం నాటి మాట అది. వారికి డబ్బు అక్కర్లేదు కనుక ఇచ్చేది గౌరవం కోసమే. బ్రిటన్‌లో కూడా 1911 దాకా పార్లమెంటు సభ్యులకు జీతం లేదు. ఏడాదికి 400 పౌండ్లు ఇవ్వడం మొదలుపెట్టాకే గని కార్మికుడు, మిల్లు కార్మికుడు ఇంకొకరి చేయి చూడకుండా ఆ సభలో కూర్చోగలిగారు. మన కౌన్సిల్‌లో సగం సీట్లు మహిళలవి. ఎస్సీ, ఎస్టీ, బీసీ వార్డులున్నాయి. కుర్చీ ఇచ్చారు, కూడు మరిచారు. ఫలితం మా కళ్ల ముందే ఉంది. పెట్రోలు పోయించేవాడే బండి ఎటు వెళ్లాలో చెబుతాడు. మహిళా కార్పొరేటర్ల బదులు భర్తలు, బావలు పెత్తనం చేస్తున్నారని ఏటా తిట్టుకుంటాం. ఆ పెత్తనానికి పెట్టుబడి ఎవరి జేబులోంచి వస్తోందో అడగం.

ప్రజాసేవకు జీతమేమిటని అనేవారు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. వారు వెంటనే ప్రకాశం పంతులు గారి పేరెత్తుతారు. నాకూ ఆయనంటే చేతులెత్తి మొక్కేంత గౌరవం. రాజమహేంద్రవరం పురపాలక అధ్యక్షుడిగా పనిచేసిన రోజుల్లో ఆయనకు చేతినిండా సంపాదించే వకీలు వృత్తి ఉంది. ఆ తరువాత సంపాదించినదంతా దేశానికి పెట్టి, ముఖ్యమంత్రిగా చేసి కూడా పేదగానే కన్నుమూశారు. ఒక మహానుభావుడు అలా బతికాడు కనుక జాకెట్లు కుట్టుకునే ఆడపిల్ల కూడా కమ్మలు అమ్ముకుని సేవ చేయాలనడం ఆయన త్యాగాన్ని పన్నుగా మార్చడమే.

జీతం పెంచితే లంచాలు పోతాయా అని ఇంకొందరు అడుగుతారు. పోవు. రెండున్నర లక్షలు తీసుకునేవారందరూ సత్యహరిశ్చంద్రులేమీ కాదు. నేను చెప్పేది ఇంతకన్నా చిన్న మాట. నిజాయితీగా ఉండాలనుకున్న మనిషికి అలా ఉండే వీలు కల్పించండి. కావాలని తప్పు చేసేవారిని పట్టుకోవడానికి చట్టాలు వేరే ఉన్నాయి, వాటిని వాడండి.

ఇతర చోట్ల ఏం చేస్తున్నారో చూశాను. మన దేశంలో పెద్దగా నేర్చుకోదగినది కనబడలేదు. ముంబయిలో 2017లో కార్పొరేటర్‌కు 25,000 చేశారు, తమిళనాడులో 2023లో కౌన్సిలర్లకు 10,000 ప్రకటించారు, ఢిల్లీలో ఏళ్ల తరబడి నెల జీతమే లేదు, సమావేశానికి 300 రూపాయల భత్యం. అంకెలు వేరు, పద్ధతి ఒక్కటే. ఎవరికో తోచినప్పుడు ఎంతో కొంత.

అమెరికాలోని శాన్ ఆంటోనియో నగరం కథ మాత్రం మీరు తప్పక చదవాలి. అక్కడ 1951 నాటి నగర నిబంధనావళి ప్రకారం కౌన్సిల్ సభ్యుడికి సమావేశానికి 20 డాలర్లు. అరవై ఏళ్లకు పైగా అంతే. పెంచుతామని అడిగితే ఓటర్లు ఒప్పుకోలేదు. చివరికి 2015 మేలో ఒప్పుకున్నారు, సభ్యుడికి ఏడాదికి 45,722 డాలర్లు, మేయర్‌కు 61,725. లెక్కల మాస్టారిగా నాకు ముచ్చటేసింది ఆ 45,722 దగ్గరే. గుండ్రటి అంకె కాదు, బేరమాడి తెచ్చుకున్న అంకె కాదు. ఆ ప్రాంతంలోని కుటుంబాలన్నింటినీ ఆదాయం ప్రకారం వరుసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్య నిలిచే కుటుంబం సంపాదన ఎంతో చూసి, దాన్నే జీతంగా పెట్టారు. ఊరి మధ్యతరగతి ఎలా బతుకుతోందో ఊరి ప్రతినిధి కూడా అలాగే బతకాలని దాని అర్థం. 2024 నవంబరులో మళ్లీ ఓటు పెట్టి సభ్యులకు 70,200, మేయర్‌కు 87,800 చేశారు. ఇకపై ప్రాంతీయ ఆదాయంతో పాటే మారేలా ముడిపెట్టారు కూడా.

శాన్ ఫ్రాన్సిస్కోలో 2002 నుంచి ఈ పనిని సివిల్ సర్వీస్ కమిషన్‌కు అప్పగించారు, ఐదేళ్లకు ఒకసారి అది తేలుస్తుంది. న్యూయార్క్ అనుభవంలో మంచీ ఉంది, చెడూ ఉంది. 2015లో మేయర్ వేసిన సలహా సంఘం, కౌన్సిల్ సభ్యుల జీతాన్ని 1,12,500 డాలర్ల నుంచి 1,38,315కు పెంచమంది. 2016 ఫిబ్రవరిలో కౌన్సిల్ తనకు తాను 1,48,500 రాసుకుంది. సంఘం మాట సలహాగా మిగిలితే జరిగేది ఇదే. అదే తీర్మానంలో సభ్యుల బయటి సంపాదనను దాదాపు పూర్తిగా నిషేధించారు, కమిటీ అధ్యక్షులకు ఇచ్చే అదనపు భత్యాలను ఎత్తేశారు. ఎక్కువ తీసుకుంటే పక్క వ్యాపారం మానాలన్న ఆ షరతు మనకూ కావాలి.

ఖజానా మోయలేదని మాత్రం అనకండి. 2025-26కు జీహెచ్‌ఎంసీ బడ్జెట్ 8,440 కోట్లు. 150 మంది కార్పొరేటర్లకు ఏడాదికి ఇచ్చిన గౌరవ వేతనం మొత్తం కలిపితే కోటీ నలభై లక్షల చిల్లర. 2025 చివరలో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి వార్డులను 300 చేశారు కదా. ఆ 300 మందికీ నెలకు 50,000 ఇచ్చినా ఏడాదికి 18 కోట్లు. ఆ బడ్జెట్‌లో ప్రతి వెయ్యి రూపాయలకు రెండు రూపాయల పైచిలుకు. 50,000 సరైన అంకె అని నేను అనడం లేదు, అది తేల్చడానికే సంఘం వేయమంటున్నాను. నగరాన్ని ఎన్ని కార్పొరేషన్లుగా ఏలినా ఈ లెక్క పెద్దగా మారదు.

సంఘంలో మీ పార్టీ వారు, ఎదుటి పార్టీ వారు వద్దు. విశ్రాంత న్యాయమూర్తి ఒకరు, రాష్ట్ర ఆర్థిక సంఘంలో పనిచేసినవారు ఒకరు, కార్మిక సంఘాల నుంచి ఒకరు, ఓటర్ల జాబితా నుంచి చీటీ తీసి ఎంపిక చేసిన ఇద్దరు సామాన్యులు ఉంటే చాలు. వారు చెప్పిన అంకెను తనంతట తాను పెంచడానికీ తగ్గించడానికీ ప్రభుత్వానికి వీలుండకూడదు. మార్చాలనుకుంటే శాసనసభలో కారణం చెప్పాలి. ఒక కౌన్సిల్ నడుస్తుండగా జీతం మారకూడదు, కరువు భత్యం తప్ప. అన్నిటికన్నా ముఖ్యంగా మనిషి జీతాన్నీ పని ఖర్చునూ విడదీయండి. 2023 జూన్‌లో వార్డు కార్యాలయాలు తెరిచారు. కార్పొరేటర్ తిరిగే పెట్రోలు, వాన రాత్రి తెప్పించే మోటారు, బస్తీ సమావేశం కుర్చీలు ఆ కార్యాలయం పద్దులో రశీదులతో సహా పడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారమే ఒక్కో వార్డులో సగటున 45,000 మంది ఉండేవారు. అంతమంది పని ఒక ఇంటి కమ్మల మీద నడవకూడదు.

దీనికి బదులుగా కార్పొరేటర్ నుంచి మాకు రావలసినవి కూడా రాయించండి. ఏటా ఆస్తుల ప్రకటన వార్డు కార్యాలయం గోడ మీద ఉండాలి. కౌన్సిల్ సమావేశానికి కారణం లేకుండా రాకపోతే ఆ మేరకు జీతం కోయాలి. తన నగరంలో భూముల వ్యాపారం, నిర్మాణ వ్యాపారం చేయకూడదు. కార్పొరేషన్ కాంట్రాక్టుల్లో వాటా ఉంటే అనర్హత అని చట్టంలో ఇప్పటికే ఉంది, కుటుంబ సభ్యుల పేర్ల మీద నడిచేవాటిని కూడా దాని కిందికి తేవాలి. ఇక మండపాలకు, పెళ్లిళ్లకు ఇచ్చే డబ్బు సంగతి మీరు జీవోతో ఆపలేరు. అది మా వంతు. మా కాలనీ సంఘంలో ఈ ఏడాది చవితికి ఏ నాయకుడినీ చందా అడగకూడదని తీర్మానం పెట్టాను. నలుగురు వ్యతిరేకించారు, నెగ్గింది.

నా దగ్గర చదివిన ఆ అమ్మాయి మళ్లీ పోటీ చేయడం లేదు. కుట్టుమిషను బాగుచేయించుకుంది. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. నోటుపుస్తకం నా దగ్గర వదిలి వెళ్లింది. మీరు సంఘం వేసి, ప్రజల అభిప్రాయం వినడానికి తేదీ ప్రకటిస్తే, ఎంత దూరమైనా వచ్చి ఆ పుస్తకం వారి ముందు పెడతాను. చవితి నెల పేజీ దగ్గర గుర్తుగా ఒక కాగితం ముక్క ఇప్పటికే పెట్టి ఉంచాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు, హైదరాబాద్